భోగి ముందు రాత్రి నెలన్నర పాప మా ఇంటికొచ్చింది: నా అనుభవం

మాది పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి ఇల్లు నిండకపోతే ఇక్కడ పండగ చేసినట్టే కాదు. 2025లో కూడా ఎవరెవరు వస్తారు, ఎవరు ఎక్కడ పడుకుంటారు అన్నది ముందే అనుకున్నాం. మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ళ ఇద్దరు పిల్లలు వచ్చేశారు. ఇంటి అల్లుడు కదా, బాత్రూం ఉన్న కింది గది వాళ్ళకిచ్చాం. అరిసెలు, పాకుండలు, జంతికలు డబ్బాలకెక్కాయి. మా మరిది వాళ్ళు మాత్రం ఈసారి రారనే లెక్క.

ఎందుకంటే తోటికోడలికి నవంబరు ఆఖర్లో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పాపని తీశారు. మా వైపు బిడ్డని మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి, సారెతో తండ్రి ఇంటికి పంపుతారు. సంక్రాంతి వచ్చేది పుష్యమాసంలో, అది శూన్యమాసం. అందుకని మాఘం వచ్చాకే పాపని తీసుకురావాలని మా అత్తయ్యగారు, వియ్యపురాలు ఫోన్లో ఎప్పుడో ఖాయం చేసుకున్నారు.

భోగి తెల్లవారితే అనగా ఆదివారం రాత్రి మరిది ఫోన్ చేశాడు. "వదినా, విజయవాడ దాటాం. పాప కూడా మాతోనే ఉంది. అమ్మకి నువ్వే ఎలాగోలా చెప్పు."

జరిగింది ఏమిటంటే, హైదరాబాద్‌లో పాపని చూసుకుంటున్న పిన్నిగారు, అంటే మా తోటికోడలి అమ్మగారు, వాళ్ళాయనకి ఒంట్లో బాగాలేదని ఉన్నపళంగా ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. పనమ్మాయి పండక్కి వెళ్ళిపోయింది. అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లు ఖాళీ. పండగ రోజుల్లో రైలు టికెట్ దొరికే మాటే లేదు. ఇద్దరే పసిబిడ్డతో ఆ నాలుగు గోడల మధ్య ఉండలేక కారు తీశారు. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పంతంగి టోల్ గేటు దగ్గర కార్ల బారులో ఇరుక్కుని, పాలివ్వడానికి మధ్యమధ్యలో ఆగుతూ పొద్దున బయల్దేరినవాళ్ళు ఆ వేళకి బెజవాడ దాటారు.

వాళ్ళు మా గుమ్మంలోకి వచ్చేలోపు నా చేతిలో రెండు మూడు గంటలుంది. నేను చూసింది ముందు గది సంగతి. ఆపరేషన్ అయిన మనిషిని మాటిమాటికీ మేడమెట్లు ఎక్కించడం, రాత్రిపూట బాత్రూం కోసం పెరట్లోకి నడిపించడం నాకు ఇష్టం లేదు. ఉన్నది ఒక్కటే గది, అందులో అల్లుడుగారు. అల్లుణ్ణి గది మార్చమనడం మా ఇళ్ళల్లో చిన్న విషయం కాదు. అత్తయ్యగారితో చెబితే ఆవిడ ఇరుకున పడతారు. నేను నేరుగా ఆడపడుచు దగ్గరికే వెళ్ళాను. "వదినా, పాప వస్తోంది, ఈ గది దానికి కావాలి" అన్నాను. నేను మాట పూర్తి చెయ్యకముందే అన్నయ్యగారు లేచి పరుపు చుట్టి భుజాన వేసుకున్నారు. "మేడ మీద గాలి బాగుంటుందమ్మా, మాకేం ఇబ్బంది లేదు" అన్నారు. ఆ మాటకి నేను ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

గదిలో మంచం మీదున్న మెత్తటి బొంతలు, దిళ్ళు తీసేసి, గట్టి పరుపు మీద ఉతికిన నూలు దుప్పటి వేశాను. పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ దిండ్లు పెట్టకూడదని నా చిన్నాడు పుట్టినప్పుడే డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పాత నూలు చీరలు పెట్టెలోంచి తీసి గుడ్డలు చింపాను. దోమతెర కట్టాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు, మూత ఉన్న గిన్నె, తువ్వాళ్ళు, చెత్తకి ఒక బకెట్టు. నిద్రలో ఉన్న మనిషి చెయ్యి చాపితే అందేలా మంచినీళ్ళ సీసా.

ఇక అత్తయ్యగారు. విన్న వెంటనే ఆవిడ మొహంలో ఆనందం, భయం ఒకేసారి కనిపించాయి. మొదటిసారి మనవరాలు గడప తొక్కడం, అదీ పుష్యమాసంలో, సారె లేకుండా. కాసేపు వసారాలో మౌనంగా కూర్చున్నారు. తర్వాత ఆవిడే తేల్చారు. "వీళ్ళు పండక్కొచ్చిన చుట్టాలు. పిల్లని తెచ్చుకోవడం మాఘంలోనే. అప్పుడు వియ్యపురాలు సారెతో వస్తుంది, శాస్త్రం అప్పుడు చేద్దాం." ఆ మాట అన్నాక ఆవిడ చకచకా లేచి పళ్ళెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు సిద్ధం చేశారు. మా అత్తయ్యగారి పట్ల నాకు గౌరవం ఇలాంటి చోటే పెరుగుతుంది. ఆవిడ నమ్మకాన్ని వదులుకోలేదు, కొడుకునీ కోడలినీ గుమ్మంలో నిలబెట్టనూ లేదు.

అర్ధరాత్రి దాటాక కారు ఆగింది. ఎర్రనీళ్ళు దిష్టి తీసి లోపలికి తీసుకొచ్చాం. అందరూ పాప కోసం చేతులు చాపారు. నాకు ముందు కనిపించింది తోటికోడలి మొహం. కళ్ళ కింద నలుపు, పగిలిన పెదాలు, తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. "తిన్నావా?" అంటే "టోల్ గేటు దగ్గర బిస్కెట్లు తిన్నానక్కా" అంది. వేడన్నంలో నెయ్యి, వెల్లుల్లి కారం, పైన చారు. పాప పాలు తాగుతుంటే తన రెండు చేతులూ ఖాళీగా లేవు. నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. నాలుగో ముద్దకి ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఏమీ అడగలేదు, ఇంకో ముద్ద పెట్టాను.

తెల్లవారుజామున భోగిమంట. మా ఇంటి ముందు వీధిలోనే వేస్తారు, గది కిటికీ సరిగ్గా అటే. పిడకలు, పాత కర్రలు, పచ్చి కొమ్మలు కాలితే పొగ ఎలా ఉంటుందో తెలుసు కదా. నెలన్నర పిల్ల ఊపిరితిత్తులకి అది మంచిది కాదు. మావారు మూడున్నరకే లేచి, మా వీధి కుర్రాళ్ళతో మాట్లాడి ఆ ఏడు మంటని చెరువుగట్టు మీదికి మార్పించారు. "పాప వచ్చిందా బాబాయ్?" అంటూ వాళ్ళే దుంగలు మోసుకెళ్ళారు. ఎవరూ విసుక్కోలేదు. మేం కిటికీలు మూసి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టాం.

పొద్దున నీళ్ళు పోయడం. మా ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసే పెద్దావిడ ఒకామె ఉంది, నా పిల్లలిద్దరికీ ఆవిడే పోసింది. ఆవిడ చేతులంటే నాకు ఇష్టం. కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నూనె రాస్తుంటే ఏడుస్తున్న పిల్ల ఊరుకుంది. నూనె రాసి ఒళ్ళు పట్టడం మంచిదే, ఏ పిల్లల డాక్టరూ కాదనరు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యడం, ముక్కు సూటిగా రావాలని నొక్కడం, పసి రొమ్ములు పిండడం మాత్రం వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. స్నానం కాగానే సాంబ్రాణి పొగ పట్టబోయారు. "పొగ గదికి వేద్దాం పెద్దమ్మా, పాప లేనప్పుడు" అన్నాను. కాటుక కంట్లో వద్దని అరికాలికి దిష్టిచుక్క పెట్టించాం. ఇలాంటివి ఆ తల్లి చెప్పలేదు. పుట్టింటివాళ్ళు ఎవరూ పక్కన లేరు, బిడ్డతో అత్తింట్లో మొదటి పండగ. వద్దంటే పొగరంటారు, ఊరుకుంటే లోపల బెంగ. అందుకే ఆ మాటలన్నీ నా నోటితో రావాలని ఆ పొద్దున్నే నిశ్చయించుకున్నాను.

ఒక్క చోట మాత్రం నా మాట చెల్లలేదు. స్నానం అయ్యాక అత్తయ్యగారు వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించబోయారు. మాటలు తొందరగా వస్తాయని, కడుపు ఉబ్బరం ఉండదని ఆవిడ నమ్మకం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దన్నారని, ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలు వద్దని చెప్పాను. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా పసిపేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది, అది నరాల్ని పట్టేస్తుంది. "ముగ్గుర్ని పెంచాను, ముగ్గురూ వస తాగినవాళ్ళే" అన్నారు ఆవిడ. నిజమే, నా భర్త కూడా అందులో ఒకరు. గిన్నె పక్కన పెట్టేశారు గానీ మనసు నొచ్చుకుంది. ఆ పూట నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ పగలంతా జనం. మనవరాలొచ్చిందని ఊరంతా పాకింది. వచ్చినవాళ్ళు ప్రేమతోనే వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రేమ పాప ఒంటి మీద ఎలా పడిందో నేను చూశాను. చేతి నుంచి చేతికి మారింది. బుగ్గల మీద ముద్దులు. ఫోన్లతో ఫోటోలు. చలి అని ఒకరు స్వెట్టర్ వేశారు, ఇంకొకరు కుల్లాయి పెట్టారు, మరొకరు ఉన్ని శాలువా చుట్టారు. గది నిండా మనుషులుంటే తల్లి పాలివ్వడానికి మొహమాటపడింది. "ఇప్పుడే తాగింది కదా" అని పక్కనుంచి ఒకరు. పాప ఏడుపు ఆకలి ఏడుపని తల్లికి తెలుసు, ఆ మాట పైకి అనలేకపోయింది.

"ఆపరేషనా? మా రోజుల్లో పొలంలో కని ఇంటికొచ్చేవాళ్ళం" అన్న మాట కూడా ఆ గదిలోనే వినబడింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు ఆపరేషన్లే. మన ఆంధ్రలో నలభై రెండు. అది ఆసుపత్రులు, ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన పెద్ద సంగతి. కుట్లు ఇంకా లాగుతున్న పిల్ల మొహం మీద అనాల్సిన మాట కాదు. "మా రోజుల్లో ఎంతమంది తల్లులు తిరిగి రాలేదో కూడా అత్తయ్యగారు చెబుతుంటారు పిన్నీ" అన్నాను. ఆవిడ ఊరుకుంది.

సాయంత్రం భోగిపళ్ళు. పాపకి ఇవే మొదటివి, మానెయ్యమని నేను అననూ లేదు, అనాలనీ లేదు. రేగిపళ్ళు, చెరుకుముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, బంతిపూల రెక్కలు కలిపి తల చుట్టూ తిప్పి పోస్తారు కదా. నెలన్నర పిల్ల మాడు ఇంకా మెత్తగానే ఉంటుంది. నాణెమో రేగిపండో నోట్లోకి జారితే ప్రమాదం. అత్తయ్యగారి ఒళ్ళో పాపని పెట్టి, పళ్ళు మూడుసార్లు తల చుట్టూ తిప్పి పక్కనున్న పళ్ళెంలో పోశాం. తల మీద బంతి రెక్కలు మాత్రమే చల్లాం. ముత్తయిదువలు అందరూ సంతోషంగా అక్షింతలు వేశారు. చుట్టూ చేరిన పిల్లలకి పళ్ళెంలోని చిల్లర దొరికింది. ఆ సాయంత్రం తోటికోడలు మొదటిసారి నవ్వింది.

రాత్రి భోజనాల వేళ "అక్కా, పాప వేడిగా ఉంది" అంది. థర్మామీటరు పెడితే 101. మరిది "బుధవారం టీకా వేయించాం కదా, దాని జ్వరమే అయ్యుంటుంది, డ్రాప్స్ ఉన్నాయి వేద్దాం" అన్నాడు. టీకా కార్డు తెప్పించి చూశాను. జనవరి 8న ఆరు వారాల టీకాలు పడ్డాయి: పెంటావలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసేది), పీసీవీ (న్యుమోనియా టీకా) సూదులు రెండు తొడలకి, చేతికి పోలియో సూది, నోట్లో పోలియో, రోటా చుక్కలు. మర్నాడు కాస్త ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోయిందట. టీకా జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఐదో రోజు కొత్తగా వచ్చిన జ్వరాన్ని టీకా మీద వెయ్యడానికి లేదు. పైగా మూడు నెలల లోపు పిల్లలకి 100.4 దాటితే ఇంట్లో మందు వేసి కూర్చోకూడదు, డాక్టరుకి చూపించాల్సిందే. అంత చిన్న పిల్లల్లో లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా పైకి జ్వరం తప్ప ఏమీ కనబడకపోవచ్చు. మా పెద్దాడి విషయంలో డాక్టరుగారు చెప్పిన ఆ మాట నాకు ఒంట్లో ఇంకిపోయింది.

పండగపూట రాత్రి ఎక్కడ దొరుకుతారని ఇంట్లో టెన్షన్ పడ్డారు. తణుకులో రాత్రీపగలూ తెరిచి ఉండే పిల్లల ఆసుపత్రి ఉంది. ముందు ఫోన్ చేసి డ్యూటీ డాక్టరు ఉన్నారని తెలుసుకుని బయల్దేరాం. పండగల్లో ఈ ఒక్క ఫోను ఎంతో సమయం కాపాడుతుంది. అత్తయ్యగారు "నేనూ వస్తాను" అని చెప్పులు వేసుకున్నారు. ఇంట్లో ఉండమనబోయి ఆగాను. ఆవిడ రావడమే మంచిదైంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ముందు పాప ఒంటి మీది బట్టలన్నీ తీయించింది. ఒకదాని మీద ఒకటి ఎన్ని ఉన్నాయో, శాలువాతో సహా. బొడ్డు, చెవులు, గొంతు, ఊపిరి, మాడు అన్నీ చూసింది. బరువు తూచింది. "ఇవాళ ఎన్నిసార్లు ఒంటికి పోసింది?" అని అడిగింది. తోటికోడలు లెక్కపెట్టుకుని "పొద్దునకి మూడుసార్లు, తర్వాత ఒక్కసారే" అంది. పాలు సరిపోతున్న పిల్ల రోజుకి కనీసం ఆరుసార్లు పోయాలట. రక్తం, మూత్రం పరీక్షకి పంపింది. పల్చటి చొక్కాతో అక్కడే పాలిప్పించి, అరగంట తర్వాత మళ్ళీ చూస్తే 99. పరీక్షల్లో ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదు. మూసిన గదిలో అన్ని బట్టల్లో ఒళ్ళు వేడెక్కడం, పాలు అందకపోవడం రెండూ కలిసి వచ్చిన జ్వరమేనంది. రాత్రంతా గమనించి, మళ్ళీ పెరిగితే, పాలు మానేస్తే, మత్తుగా ఉంటే వెంటనే రమ్మంది. పెద్దవాళ్ళు ఎన్ని బట్టలు వేసుకుంటే పిల్లకి ఇంకొక్కటి ఎక్కువ, అంతే చాలు అని చెప్పింది.

అప్పుడు అత్తయ్యగారు తనంతట తనే అడిగారు. "వస పోయొచ్చామ్మా?" ఆ డాక్టరమ్మాయి నవ్వలేదు, కసరలేదు. "మీరు పోసిన రోజుల్లో వేరే మందులు లేవు మామ్మగారూ. ఇప్పుడు తల్లిపాలు చాలు. మీరు కోడలికి బాగా పెట్టండి, అదే మీ మనవరాలికి చేరుతుంది" అంది. కారులో వస్తూ అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. వస ఊసు మళ్ళీ రాలేదు.

మర్నాటి నుంచి ఇంటి తీరు మారింది. నేను అత్తయ్యగారిని ఒక్కటే అడిగాను. "బయటినుంచి వచ్చినవాళ్ళు నేరుగా పురిటిగదిలోకి పోకూడదని మీరే కదా అనేవారు, ఆ పద్ధతి మళ్ళీ పెడదామా?" పాతకాలంలో ఊరు తిరిగొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని, వసారాలో కాసేపు కూర్చుని, అప్పుడు బిడ్డని చూసేవారు. గాలి సోకుతుందనేవారు, దిష్టి అనేవారు. కారణం వాళ్ళు ఏది చెప్పుకున్నా, డాక్టరు చెప్పే జాగ్రత్త అందులో ఉంది. అత్తయ్యగారు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన నీళ్ళ బిందె, చెంబు, సబ్బు. ఎవరొచ్చినా "కాళ్ళూ చేతులూ కడుక్కోండమ్మా, కూర్చోండి" అనేవారు. అరిసె, కాఫీ వసారాలోనే. పాప మెలకువగా ఉంటే ఆవిడే తెచ్చి చూపించేవారు, ఎత్తుకోవడం, ముద్దులు లేవు. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళకి కిటికీలోంచే. కోరింత దగ్గు లాంటిది పెద్దవాళ్ళలో మామూలు దగ్గులాగే ఉండి, అంత చిన్న పిల్లలకి సోకితే ఊపిరి ఆగేంత పని చేస్తుంది. ఆడపడుచు చిన్నవాడికి జలుబు, పాపని ముట్టుకుంటానని ఏడ్చాడు. ఉయ్యాలకి కట్టే రంగు కాగితాల చిలకలు తయారుచేసే పని వాడికి అప్పజెప్పాం.

ఈ మాటలు నేను చెబితే "పెద్దకోడలు లోపలికి రానివ్వలేదు" అని ఊరంతా చెప్పుకునేవారు. తోటికోడలు చెబితే మరీ అన్యాయం. మామ్మగారు చెబితే ఎవరూ నొచ్చుకోలేదు, "అవునమ్మా, పసిపిల్ల కదా" అన్నారు. చుట్టాలింట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు ఆ ఇంటి పెద్ద నోటి నుంచి రావాల్సిన మాటలు ఇవి. బాలింతని ఆ గుమ్మం దగ్గర నిలబెట్టకండి.

చప్పుడు ఇంకో సమస్య. మా ఊరి బయట కోడిపందాల బరి, మైకులు, పాటలు పొద్దుటి నుంచి రాత్రిదాకా. వాళ్ళని ఆపడం మా వల్ల అయ్యే పని కాదు. పెరటివైపు ధాన్యం గది ఖాళీగా ఉంటే కడిగి ఆరబెట్టి, పగలు పాపని, తల్లిని అక్కడికి మార్చాం. మందమైన మట్టిగోడలు, చప్పుడు సగానికి తగ్గింది.

తిండి సంగతి అత్తయ్యగారే పట్టుకున్నారు. మునగాకు తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, మెంతికూర పప్పు. కనుమ పూట సొరపిట్టు. పాలసొర చేప ఉడికించి, ముల్లు తీసి, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేయించే ఈ కూర గోదావరి బాలింతలకి తప్పనిసరి. పాలు పడతాయంటారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ మామూలు తిండి మీద ఇంకో 600 కిలోకేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అంటే ఇంచుమించు ఇంకో పూట భోజనం. పథ్యం పేరుతో ఒక పూట కోసేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని దాహంతో ఉంచేవాళ్ళూ ఉన్నారు. అది నాకు కోపం తెప్పిస్తుంది. మేం పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళో మజ్జిగో పక్కన పెట్టాం, సాయంత్రం సున్నుండ.

అన్నిటికంటే కావలసింది నిద్ర అని సంక్రాంతి రాత్రి అర్థమైంది. పెద్దలకి బట్టలు పెట్టుకుని, మామయ్యగారి ఫోటో ముందు పాపకి కొత్త గౌను పెట్టి, అందరం అలసి పడుకున్నాం. నడిరాత్రి వంటింట్లో దీపం కనిపిస్తే వెళ్ళాను. తోటికోడలు నేల మీద కూర్చుని ఏడుస్తోంది, ఒళ్ళో పాప నిద్రపోతోంది. "ఏమైంది?" అంటే "ఏం కాలేదక్కా. ఊరికే ఏడుపొస్తోంది. అమ్మ గుర్తొస్తోంది. దించితే లేస్తుందేమోనని..." అంది. పాపని తీసుకుని "వెళ్ళి పడుకో, ఆకలైతే తెస్తాను" అన్నాను. నమ్మలేనట్టు చూసి వెళ్ళింది. పాపని భుజాన వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమురుతూ వసారాలో తిరిగాను. మరిదిని లేపి నా పక్కన కూర్చోబెట్టాను. గుడ్డలు మార్చడం, భుజాన వేసుకోవడం అతనికి చూపించాను. నేర్చుకున్నాడు, బాగానే నేర్చుకున్నాడు. తెల్లవారేదాకా తల్లి లేచింది పాలకి మాత్రమే.

మర్నాడు తనతో కూర్చుని మాట్లాడాను. కాన్పు తర్వాత మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. ఆ మాట మరిదికి కూడా వినబడేలా చెప్పాను. రెండు పూటలు నిద్రపోయి, కడుపునిండా తిన్నాక తన మొహం తేటపడింది. అయినా ఊరెళ్ళాక కాన్పు చేసిన డాక్టరుతో మాట్లాడమని మాట తీసుకున్నాను.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఎవరూ కదలలేదు. గురువారం ఆడపడుచు వాళ్ళు బయల్దేరారు, మరిది ఆఫీసు ఉందని ఒక్కడే హైదరాబాద్ వెళ్ళాడు. తోటికోడలు "నేను ఇక్కడే ఉంటానక్కా కొన్నాళ్ళు" అంది. అత్తయ్యగారి కళ్ళల్లో వెలుగు చూడాలి.

మాఘం రాగానే పిన్నిగారు సారెతో వచ్చారు, వాళ్ళాయన కోలుకున్నారు. అనుకున్న శాస్త్రమంతా అప్పుడు చేశాం. రథసప్తమి మర్నాడు, ఫిబ్రవరి 5 బుధవారం, పాప పది వారాల టీకాకి మా ఊరి ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్ళాం. హైదరాబాద్ కార్డు చూపిస్తే ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రం నర్సమ్మ) అదే కార్డులో రాసింది, ఏ ఊళ్ళో మొదలుపెట్టినా ఇంకో ఊళ్ళో కొనసాగించవచ్చు. ఈసారి సూది ఒక తొడకే, నోట్లో చుక్కలు. అరగంట అక్కడే కూర్చోబెట్టి పంపారు. జ్వరం వస్తే ఎంత మోతాదు వెయ్యాలో పాప బరువు చూసి చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపుకే ఉంది, పద్నాలుగు వారాల టీకా తేదీతో సహా.